విద్యుత్ గిటార్ విద్వాంసుడు – జిమీ హెండ్రిక్స్

అమెరికా దేశపు వాయవ్య దిశలో సియాటిల్ నగరం ఉన్నది. 1950ల మధ్యకాలంలో ఆ నగరంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో చదివే నల్లజాతి బాలుడొకడు ఎక్కడికి వెళ్లినా ఒక చీపురును వెంటబెట్టుకొని తిరిగేవాడు. దానిని గిటారుగా భావించి, లేని తీగలను మీటుతూ మైమరచిపోయేవాడు. ఏడాదికి పైగా ఈ తంతు సాగింది. పాఠశాల సంఘసేవా విభాగం వారు ఈ సంగతి గమనించి, ఆ పిల్లవానికి గిటారు లేకపోతే మనసు దెబ్బతినే ప్రమాదమున్నదని పేద విద్యార్థుల సహాయనిధికి విన్నవించారు. నిధి లభించలేదు. కొనిపెట్టడానికి తండ్రి కూడా అంగీకరించలేదు. చీపురుతో శబ్దం రాదు. ఆ బాలుని సంగీతం కొంతకాలం అతనికి మాత్రమే వినిపించింది.

ఆ బాలుడే అనంతర కాలంలో విద్యుత్ గిటార్ స్వరూపాన్ని మార్చివేసిన జిమీ హెండ్రిక్స్. ఆయన 1942 నవంబరు 27న జన్మించాడు. అప్పటికి తండ్రి ఆల్ సైన్యంలో ఉన్నాడు. తల్లి లూసిల్ పసిప్రాయం వీడని యువతి. మొదట పెట్టిన జానీ అలెన్ అనే పేరును తండ్రి 1946లో జేమ్స్ మార్షల్‌గా మార్చాడు. ఇంట్లో పేదరికం, కలహాలు. తల్లిదండ్రులు 1951లో విడిపోయారు. పిల్లలు బంధువుల ఇళ్లలోను, ఇరుగుపొరుగు వారి పంచన కాలం గడపవలసి వచ్చింది. 1958లో తల్లి మరణించింది. ఈ కష్టాలు అతనిని మితభాషిని చేశాయి.

1957లో తండ్రితో కలిసి ఒక వృద్ధురాలి ఇంటిలోని చెత్తను తొలగిస్తుండగా అతనికి ఒకే తీగ మిగిలిన ఉకులేలే అనే చిన్న వాద్యం దొరికింది. ఆమె దానిని అతనికే ఇచ్చివేసింది. ఆ ఒక్క తీగపైనే విన్న పాటలను పలికించడం అభ్యసించాడు. మరుసటి ఏడు అయిదు డాలర్లకు ఒక పాత గిటారు చేతికి వచ్చింది. అతడు ఎడమచేతి వాటం గలవాడు. కుడిచేతి వారికోసం చేసిన గిటారును తలకిందులు చేసి, తీగలను తిరిగి అమర్చుకొని వాయించేవాడు. జీవితాంతం ఈ పద్ధతినే అనుసరించాడు.

త్వరలోనే తోటి యువకుల బృందంలో చేరాడు. అక్కడ కొత్త చిక్కు ఎదురైంది. డప్పుల హోరులో, ఇతర వాద్యాల నడుమ ఆ సాధారణ గిటారు నాదం ఎవరికీ వినిపించేది కాదు. ఎంత గట్టిగా మీటినా ప్రయోజనం లేకపోయింది. చివరకు 1959లో తండ్రి మనసు కరిగి ఒక విద్యుత్ గిటారు కొనియిచ్చాడు. కొంతకాలానికే ఒక రాత్రి వేదిక వెనుక వదలివెళ్లిన ఆ గిటారును ఎవరో అపహరించారు. తండ్రి మరొకటి కొన్నాడు. తోటమాలిగా కూలిపని చేసుకొనే మనిషికి అది తక్కువ ఖర్చు కాదు.

ఇక్కడ విద్యుత్ గిటారు పనిచేసే తీరును కొంత తెలుసుకోవాలి. సాధారణ గిటారుకు బోలుగా ఉండే చెక్క దేహమే ప్రాణం. మన వీణకు పనసకర్రతో తొలిచిన కుండ ఎటువంటిదో గిటారుకు ఆ దేహం అటువంటిది. విద్యుత్ గిటార్లలో అధికభాగానికి ఆ బోలు ఉండదు. ఉక్కు తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వేలాది చుట్లు చుట్టిన సన్నని రాగితీగ ఉంటాయి. దీనిని పికప్ అంటారు. ఉక్కు తీగ కంపించినప్పుడు రాగితీగలో స్వల్పమైన విద్యుత్ సంకేతం పుడుతుంది. సాధారణంగా అది ఒక వోల్టుకు లోపే. యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరుకు అందిస్తుంది.

సంకేతం యాంప్లిఫయరును చేరకముందే దానిని పెంచి పంపే చిన్న పెట్టెకు బూస్ట్ పెడల్ అని పేరు. ఒక ట్రాన్సిస్టరు, కొన్ని నిరోధకాలు, రెండు మూడు కెపాసిటర్లు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, కాలితో నొక్కే మీట ఉంటే చాలు. ఓపిక గల విద్యార్థి ఎవరైనా టంకం వేసి తయారు చేసుకోవచ్చు. తూము తలుపును కొద్దిగా కదిపితే కాలువలోని నీరు ఎక్కువ తక్కువలైనట్లు, గిటారు నుండి వచ్చే చిన్న సంకేతం ట్రాన్సిస్టరులో బ్యాటరీ విద్యుత్తును పెద్ద ఎత్తున నియంత్రిస్తుంది. అలా పెరిగిన సంకేతం యాంప్లిఫయరు భరించగల హద్దును దాటితే ధ్వని తరంగపు శిఖరాలు కత్తిరించినట్లు చదునవుతాయి. నాదం గరుకుగా మారుతుంది. అంతేగాక, మీటిన స్వరం వెంటనే సమసిపోక దీర్ఘంగా నిలుస్తుంది. తీగవాద్యానికి ఇది గొప్ప వరం. పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి విద్యుత్ మాండొలిన్‌ను ఎంచుకొన్న విషయం ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆయన నాదంలో గరుకుదనానికి చోటు లేదు. స్వరాన్ని నిలపడమే ప్రధానం. యాంప్లిఫయర్లు తయారు చేసే ఇంజనీర్లలో అధికులకు మాత్రం ఈ గరుకుదనం చాలాకాలం ఒక దోషమే.

హెండ్రిక్స్ 1961లో సైన్యంలో చేరి, విమానం నుండి పారాచూట్‌తో దూకే దళంలో శిక్షణ పొందాడు. అక్కడికీ తండ్రిచేత గిటారు తెప్పించుకొన్నాడు. మరుసటి ఏడాది సైన్యం నుండి బయటపడి, దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి వారు కళాప్రదర్శనలిచ్చే వేదికలపై పొట్టపోసుకొన్నాడు. ఐస్లీ సోదరులు, లిటిల్ రిచర్డ్ వంటి ప్రసిద్ధుల వెనుక నిలబడి వాయించాడు. ప్రధాన గాయకుని మించి ప్రేక్షకుల దృష్టిని ఆకర్షించరాదన్నది వెనుక వాయించేవారికి అలిఖిత నియమం. అది ఆయనకు ఒంటబట్టలేదు. చేతిలో గిటారు ఉన్నా తన నాదం వినిపించే అవకాశం ఇంకా దక్కలేదు.

1966లో న్యూయార్క్‌లోని ఒక చిన్న క్లబ్బులో ఆయన వాదనాన్ని విన్న ఛాస్ చాండ్లర్ అనే ఆంగ్ల సంగీతకారుడు ముగ్ధుడై, ఆయనను లండన్‌కు తీసుకొనివెళ్లాడు. సెప్టెంబరు 24న అక్కడ అడుగుపెట్టిన హెండ్రిక్స్‌కు వారాల వ్యవధిలోనే సొంత బృందం ఏర్పడింది. వంద వాట్ల మార్షల్ యాంప్లిఫయర్లు లభించాయి. వాటి నిర్మాత పేరు కూడా జేమ్స్ మార్షల్ కావడం ఒక చిత్రమైన యాదృచ్ఛికం.

ఆ ఏడాది చివరలోనే లండన్ విపణిలోకి ఫజ్ ఫేస్ అనే గుండ్రని పెడల్ వచ్చింది. అది బూస్ట్ పెడల్‌కు అన్నగారి వంటిది. ఒకటికి బదులు రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, నాలుగు నిరోధకాలు, మూడు కెపాసిటర్లు, తిప్పే మరలు రెండు. సర్క్యూట్‌లో ఇంతకు మించి చెప్పుకోదగినది లేదు. శిఖరాలను చదును చేసే పని పెడల్‌లోనే జరిగిపోతుంది. అయితే ఆనాటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఒకదానితో ఒకటి సరిపోలేవి కావు. వేడి పెరిగితే వాటి తీరు మారేది. కనుక ఒకే పేరు గల రెండు పెడళ్లు ఒకే విధంగా పలకవు. వాటిలో మేలైనదానిని చెవితో విని ఏరుకోవలసిందే.

ఈ పెట్టెను చాలామంది కొన్నారు. హెండ్రిక్స్ చేసినది వేరు. గిటారుపై ఉండే శబ్దపు మరను కొద్దిగా తగ్గిస్తే ఫజ్ ఫేస్‌కు చేరే సంకేతం తగ్గి, గరుకు నాదం తేటపడుతుంది. పూర్తిగా పెంచితే గర్జిస్తుంది. పెడల్‌ను ఆపకుండానే, చిటికెనవేలి కదలికతో గుసగుస నుండి గర్జన దాకా ప్రయాణించవచ్చు. వాద్యకారుని చేతివాటం ముందు పెట్టెలోని సరుకు ఎంత స్వల్పమో దీనివలన తెలుస్తుంది. స్పీకరు నుండి వెలువడిన ధ్వని తిరిగి తీగలను కంపింపజేసినప్పుడు పుట్టే కూతను ఇతరులు అణచివేయజూస్తే, ఆయన నిలబడే చోటును మార్చుతూ దానిని శ్రుతిలోకి తెచ్చేవాడు.

1967 ఆరంభంలో రోజర్ మేయర్ అనే యువకునితో పరిచయమైంది. అతడు బ్రిటిష్ నౌకాదళ శాఖలో శబ్ద, కంపన పరిశోధన చేసేవాడు. నౌకల చప్పుడు తగ్గించే విద్య నేర్చినవాడు గిటార్లకు చప్పుడు పెంచే పెట్టెలు చేయడం విశేషమే. అతడు తెచ్చిన ఆక్టేవియా అనే పెడల్, తరంగపు కింది భాగాన్ని పైకి మడిచి, స్వరానికి పైస్థాయి స్వరాన్ని జోడిస్తుంది. భౌతికశాస్త్రంలో చదివే రెక్టిఫయర్ సూత్రమే ఇందులోనిదీను. ఆ జనవరి, ఫిబ్రవరి నెలలలో రికార్డు చేసిన పర్పుల్ హేజ్ అనే పాటలో దీనిని వాడారు.

అదే ఏడాది జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవంలో ఆయన గిటారుకు నిప్పుపెట్టాడు. లోకం ఆ మంటనే ఎక్కువగా గుర్తుంచుకొన్నది. అంతకు ముందు వాయించిన సంగీతానికి అది కొంత అన్యాయమే. ఆయన సాధనకు అసలైన నిదర్శనం 1969 ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్‌లో లభించింది. లక్షలాది జనంలో అధికభాగం అప్పటికే ఇళ్లకు మరలారు. మిగిలినవారి ఎదుట ఆయన అమెరికా జాతీయగీతాన్ని గిటారుపై వినిపించాడు. వియత్నాం యుద్ధం జరుగుతున్న రోజులవి. గీతపు వరుసల నడుమ దూసుకువచ్చే బాంబుల కూత, పేలుడు, ఆర్తనాదం ఆ తీగల నుండే వెలువడ్డాయి. కొందరు దానిని జాతికి అవమానమని నిందించారు. నిందకు గురైనవాడు స్వయంగా సైనికుడుగా పనిచేసినవాడు. కొద్దిరోజుల తరువాత టెలివిజన్‌లో ప్రశ్నించినప్పుడు, అందులో వింతేమీ లేదనీ, తనకు అది అందంగానే తోచిందనీ ఆయన నెమ్మదిగా సమాధానమిచ్చాడు.

ఎడతెగని ప్రయాణాలు, వ్యాపార వివాదాలు, మత్తుపదార్థాలు ఆయన ఆరోగ్యాన్ని కుంగదీశాయి. న్యూయార్క్‌లో ఎలక్ట్రిక్ లేడీ అనే సొంత స్టూడియోను నిర్మించుకొని 1970 ఆగస్టు 26న ప్రారంభించాడు. అందులో స్థిరంగా పనిచేసే యోగం ఆయనకు లేకపోయింది. సెప్టెంబరు 18న లండన్‌లో, మోతాదుకు మించిన నిద్రమాత్రల కారణంగా మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు. సియాటిల్ సమీపంలోని రెంటన్‌లో ఆయనను ఖననం చేశారు.

కుమారునికి గిటారు కొనియివ్వడానికి ఒకప్పుడు వెనుకాడిన తండ్రి ఆల్, అతని సంగీతంపై హక్కుల కోసం న్యాయపోరాటం సాగించి 1995లో వాటిని పొందాడు. ఆయన 2002లో మరణించాడు.