పాచికలను లెక్కించిన పండితుడు

జూదమనగానే మనకు ధర్మరాజు, నలుడు స్ఫురిస్తారు. ఇరువురూ పాచికల వల్ల రాజ్యాలు కోల్పోయినవారే. పదహారవ శతాబ్దంలో ఇటలీ దేశాన అట్టి వ్యసనానికే లోనై, కష్టాల పాలై, ఆ పాచికలలోనే ఒక గణిత సత్యాన్ని కనుగొన్న మేధావి గిరోలామో కార్డానో.

కార్డానో 1501 సెప్టెంబరు 24న పావియా నగరంలో జన్మించాడు. తండ్రి ఫాజియో మిలాన్‌లో న్యాయవాది, గణితంలోనూ దిట్ట. తల్లిదండ్రులకు అప్పటికి వివాహం కాలేదు. ఆ నింద కుమారుణ్ణి చిరకాలం వెన్నాడింది. పాదువాలో వైద్యవిద్య పూర్తిచేసినా, జన్మను సాకుగా చూపి మిలాన్ వైద్యమండలి ఆయనను 1539 వరకు సభ్యునిగా అంగీకరించలేదు.

ఆదాయం లేని ఆ రోజులలో కార్డానో జూదాన్ని ఆశ్రయించాడు. ఆధారమనుకొన్నది వ్యసనమైంది. సుమారు ఇరవై ఐదేళ్లు ఆయన పాచికలను విడువలేకపోయాడు. భార్య లూచియా ఆభరణాలు కుదువకు పోయాయి. ఆ కుటుంబం కొంతకాలం మిలాన్‌లోని పేదల సత్రంలో తలదాచుకొంది.

ఆనాటి జూదరులలో పలువురు గెలుపోటములను అదృష్టానికే వదలివేసేవారు. కార్డానో మాత్రం లెక్కించాడు. పాచికకు ఆరు ముఖాలు. అందులో మోసం లేకుంటే ఆరింటికీ సమానావకాశం ఉంటుంది. రెండు పాచికలను వేస్తే అవి 36 విధాలుగా పడతాయి. వాటిలో రెండింటిమీదా ఒకే అంకె వచ్చేవి 6, వేర్వేరు అంకెలు వచ్చేవి 30. మొదటి దానిపై 4, రెండవ దానిపై 5 పడడం ఒక విధం. మొదటి దానిపై 5, రెండవ దానిపై 4 పడడం మరొక విధం. ఈ రెండింటినీ ఒకటిగా ఎంచితే లెక్క తప్పుతుంది. ఈ పద్ధతిలో గణిస్తే మొత్తం 7 రావడానికి 6 విధాలున్నాయి. 2 రావడానికి ఒకే విధం ఉంది. కాబట్టి 7 వచ్చే సంభావ్యత 6/36, అనగా 1/6. 2 వచ్చే సంభావ్యత 1/36 మాత్రమే. అనుకూలమైన విధాలను మొత్తం విధాలతో పోల్చి చూడడమే ఆయన కనుగొన్న సూత్రం.

ఈ మార్గం ఆయనకు సుగమం కాలేదు. ఒకే ఫలితం వరుసగా పలుమార్లు వచ్చే అవకాశాన్ని గణించడంలో మొదట పొరబడ్డాడు. తన తప్పును తానే గుర్తించి, అవకాశాలను గుణించాలని గ్రహించాడు. పాచికను రెండుమార్లు వేసినప్పుడు రెండుమార్లూ ఆరు పడే సంభావ్యత 1/6ను 1/6తో గుణించగా వచ్చే 1/36. తొలి పొరపాట్లను సైతం ఆయన తన గ్రంథం నుండి తొలగించలేదు.

1545లో వెలువడిన ‘ఆర్స్ మాగ్నా’ అనే బీజగణిత గ్రంథం ఆయనకు ఐరోపా అంతటా ఖ్యాతి తెచ్చింది. వైద్యునిగానూ పేరుపొందాడు. కాని విధి కరుణించలేదు. భార్యకు విషం పెట్టిన నేరంపై పెద్ద కుమారునికి 1560లో మరణశిక్ష అమలైంది. మతవిరుద్ధ భావాల ఆరోపణతో 1570లో కార్డానో కూడ చెరసాల పాలయ్యాడు. విడుదలైన పిమ్మట రోము నగరం చేరి, ఆత్మకథ రచించి, 1576లో కన్నుమూశాడు.

పాచికలపై ఆయన రచించిన గ్రంథం 1663 వరకు అచ్చు కాలేదు. అప్పటికే, 1654లో, పాస్కల్, ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్తలు లేఖల ద్వారా ఈ శాస్త్రాన్ని చర్చించారు. సంభావ్యతా శాస్త్ర స్థాపకులన్న కీర్తి వారికే దక్కింది.

తర్వాతి పందెంలో ఏ అంకె పడుతుందో సంభావ్యత చెప్పలేదు. అనేక పందాలలో ఏది ఎంత తరచుగా పడుతుందో మాత్రమే చెప్పగలదు. నేడు బీమా, వైద్య పరిశోధన, వాతావరణ సూచన ఆ జ్ఞానాన్నే ఆశ్రయించాయి. జూదంలో గొప్ప లాభం అసలు ఆడకపోవడమేనని కార్డానో తన గ్రంథంలో హెచ్చరించాడు. ఆ సత్యాన్ని ఆచరణలో పెట్టడానికి మాత్రం ఆయనకు సగం జీవితం పట్టింది. లెక్క తెలియడం వేరు, మనసును గెలవడం వేరు.