ఆగిన చోటి నుంచే చదువు: దుర్గాబాయి దేశ్‌ముఖ్



మీలో కొందరు భిలాయి ఉక్కు కర్మాగారం క్వార్టర్లలో ఉంటూ ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మీకు అలవాటే. ఏదో ఒక కారణంతో బడి మధ్యలో ఆగిపోయి, ఇప్పుడు మళ్ళీ పుస్తకం పట్టి ఉంటారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ కూడా అలా చదువుకున్నవారే. ఆమె జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదేళ్ళకే ఆమెకు పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆమె ఆ బంధం నుంచి తప్పుకొన్నారు. ఇంగ్లీషు మాధ్యమాన్ని బలవంతంగా రుద్దడం నచ్చక, పన్నెండో ఏటనే బడి మానేశారు. బడి మానినా చదువు మానలేదు. హిందీ నేర్చుకొని, తోటి ఆడపిల్లలకు నేర్పడానికి హిందీ పాఠశాల నడిపారు.

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆమె జైలుకు వెళ్ళారు. అక్కడ చదువురాని ఆడఖైదీలు కనిపించారు. చట్టం తెలియక, చేయని నేరాన్ని ఒప్పుకొన్నవారు కూడా వారిలో ఉన్నారు. వారి తరఫున మాట్లాడాలంటే తాను న్యాయశాస్త్రం చదవాలని ఆమెకు తోచింది. కాని అప్పటికి ఆమెకు మెట్రిక్యులేషన్ కూడా లేదు!

విడుదలయ్యాక ఆమె ఇంటి వద్దే చదివి, బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చుని ఉత్తీర్ణులయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్త్రీలకు వసతిగృహం లేదన్నారు. చదవాలనుకునే మరికొందరు అమ్మాయిలను కూడగట్టి ఆమే వసతి ఏర్పాటు చేసుకున్నారు. చివరకు 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు.

ఈలోగా, 1937లో, ఆమె మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. అమ్మాయిలను బెనారస్ పరీక్షకు తయారు చేయడం అక్కడి తొలి పనుల్లో ఒకటి. తర్వాత చేతిపనులు, నర్సింగ్ వంటి శిక్షణలు కూడా చేరాయి. చదువునూ పనినీ ఎందుకు కలిపారు? భర్త లేని స్త్రీకి, భర్త వదిలేసిన స్త్రీకి పూట గడవాలంటే ఒక పని చేతికి రావాలి. నర్సుగానో టీచరుగానో శిక్షణ పొందాలంటే కొంత చదువు ఉండాలి. ఆ చదువు లేకపోతే శిక్షణ తలుపు తెరుచుకోదు.

దుర్గాబాయి 1946లో రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే సంవత్సరం కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ మండలి 1958లో సంక్షిప్త విద్యా కోర్సులను ప్రారంభించింది. బడి మానేసిన వయోజన స్త్రీలు ఏళ్ళ తరబడి తరగతుల్లో కూర్చోకుండా, సుమారు రెండేళ్ళలో పరీక్షకు సిద్ధం కావడానికి ఇవి తోడ్పడ్డాయి. భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో మొదలైంది. అంటే కొత్త పరిశ్రమలు వస్తున్న రోజుల్లోనే, స్త్రీలకు బతుకుదెరువు చూపే చదువుకూ దారి వేశారన్నమాట.

ఆమెకు 1975లో పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న కన్నుమూశారు.

చూశారు కదా! ఆమె తన కోసం తెరుచుకున్న తలుపును ఇతరుల కోసం తెరిచే ఉంచారు. మీ ఇంట్లో గానీ, పక్క ఇంట్లో గానీ చదువు ఆగిపోయిన అక్క, వదిన, పిన్ని ఎవరైనా ఉన్నారా? ఈ పాఠాన్ని వారికి చదివి వినిపించండి. మళ్ళీ చదవడానికి వారికి ఏది అడ్డువస్తున్నదో అడిగి, ఐదు వాక్యాలలో రాయండి.