సభకు జవాబు చెప్పిన పెద్దాయన
సర్ శివసాగర్ రామ్‌గులాం జీవిత విశేషాలు

మారిషస్‌లో పుట్టి పెరిగిన వారిలో సర్ శివసాగర్ రామ్‌గులాం గారి పేరు ఎరుగని వారు లేరు. మన విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టుకున్నాము. పాంప్లెమూస్ ఉద్యానవనానికి ఆయన పేరు పెట్టుకున్నాము. మన నాణేలపై ఆయన ముఖమే ఉన్నది. మన పెద్దలు ఆయనను ఆప్యాయంగా చాచా అని పిలిచేవారు. స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడిగా ఆయనను ఏటేటా స్మరించుకొంటున్నాము. అయితే ఆయన జీవితంలో మరొక ఘట్టం ఉన్నది. పరదేశంలో, తలుపులు మూసిన గదిలో జరిగిన ఒక సంభాషణకు, పదిహేడేళ్ళ తర్వాత, పదవి పోయిన ముసలితనంలో, మన శాసనసభ సంఘం ముందు ఆయన జవాబు చెప్పవలసి వచ్చింది. ఆ సంగతి మన పిల్లలు తెలుసుకోవాలన్న కోరికతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బాల్యం, చదువు

శివసాగర్ 1900 సెప్టెంబరు 18న బెల్ రివ్ గ్రామంలో జన్మించారు. తండ్రి మోహిత్ రామ్‌గులాం బీహారు నుండి ఓడలో వచ్చి చెరకు తోటల్లో బ్రతికినవాడు. మన తాతముత్తాతలు గోదావరి, విశాఖ ప్రాంతాల నుండి వచ్చి చేసిన పని కూడా అదే. బాలునికి ఏడేళ్ళు నిండేసరికి తండ్రి పోయాడు. పన్నెండేళ్ళ వయసులో పశువుల పాకలో జరిగిన ప్రమాదంలో ఒక కన్ను పోయింది. తల్లి ధైర్యం, మేనమామ ఆదరణ వల్ల చదువు ఆగలేదు. క్యూర్‌పిప్‌లోని రాయల్ కాలేజీలో చదివి, 1921లో వైద్యవిద్య కోసం లండన్ వెళ్ళారు. పద్నాలుగేళ్ళు అక్కడే ఉన్నారు. వైద్యంతో పాటు రాజకీయాలు చదివారు, భారత స్వాతంత్ర్యోద్యమ నాయకుల మాటలు విన్నారు. 1935లో డాక్టరుగా తిరిగి వచ్చారు.

1940లో గవర్నరు ఆయనను శాసనమండలికి నామినేట్ చేశారు. అప్పట్లో ఓటు హక్కు ఆస్తిపరులకే ఉండేది. దీవి మొత్తంలో ఓటర్లు సుమారు పన్నెండు వేల మంది మాత్రమే. చెరకు నరికేవాడికి ఓటు లేదు, అందుచేత అతని తరఫున సభలో గట్టిగా అడిగేవారూ తక్కువే. 1947 రాజ్యాంగం ఈ పరిస్థితిని మార్చింది. దీవిలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాషలో సులువైన వాక్యాలు చదివి రాయగలిగిన పెద్దవారికి ఓటు దొరికింది. ఆ భాషల జాబితాలో తెలుగు కూడా ఉన్నది. రాత్రి బడిలో అ ఆలు దిద్దుకున్న కూలీకి ఆ అక్షరాలే ఓటు చీటీ అయ్యాయి. ఓటర్ల సంఖ్య డెబ్బై వేలు దాటింది. 1948 ఎన్నికల్లో డాక్టరు రామ్‌గులాం పాంప్లెమూస్–రివియేర్ దు రాంపార్ నియోజకవర్గం నుండి గెలిచారు. తర్వాత లేబర్ పార్టీ నాయకుడై, 1961లో ముఖ్యమంత్రి, 1964లో ప్రీమియర్ అయ్యారు. 1965లో సర్ బిరుదు పొందారు.

లండన్‌లో ఒక ఉదయం

1965 సెప్టెంబరులో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో మన భవిష్యత్తు గురించి సమావేశం జరిగింది. స్వాతంత్ర్యం కావాలని లేబర్ పార్టీ, దాని మిత్రపక్షాలు కోరాయి. వద్దు, బ్రిటన్‌తో కలిసే ఉందామని ఇతరులు కోరారు. ఆ సమావేశం పక్కనే, ఎక్కువ మందికి తెలియకుండా, మరొక బేరం నడుస్తున్నది. మనకు ఈశాన్యంగా సుమారు 2,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న చాగోస్ దీవులు అప్పుడు మారిషస్‌లో భాగం. వాటిలో పెద్దదైన డియేగో గార్సియాలో సైనిక స్థావరం కావాలని అమెరికా అడిగింది. అందుకని ఆ దీవులను మన నుండి విడదీయాలని బ్రిటన్ నిశ్చయించుకున్నది.

సెప్టెంబరు 23 ఉదయం బ్రిటిష్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ రామ్‌గులాం గారిని ఒంటరిగా తన నివాసానికి పిలిపించారు. ఆ భేటీకి ముందు విల్సన్ కార్యదర్శి రాసి ఇచ్చిన కాగితం చాలా ఏళ్ళకు బయటపడింది. స్వాతంత్ర్యం వస్తుందన్న ఆశ చూపాలి, దీవులు ఇవ్వకపోతే అది రాకపోవచ్చునన్న భయమూ పెట్టాలి. ఆ కాగితం సారాంశం ఇదే. ఆ మధ్యాహ్నం లాంకాస్టర్ హౌస్‌లో రామ్‌గులాం గారు మరికొందరు నాయకులతో కలిసి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. పరిహారం 30 లక్షల పౌండ్లు అని తేలింది. రక్షణ అవసరం తీరిన తర్వాత దీవులు తిరిగి ఇస్తామని, చేపల వేట హక్కులు కాపాడతామని బ్రిటన్ మాట ఇచ్చింది. అక్టోబరు 1న రామ్‌గులాం గారు తన చేతివ్రాతతో ఒక ఉత్తరం పంపి, చేపల వేట, ఖనిజాలు మొదలైన షరతులు సమావేశపు రికార్డులో చేర్పించారు. ఆ చిన్న ఉత్తరాన్ని గుర్తుంచుకోండి. దాని విలువ యాభై ఏళ్ళకు తెలిసింది.

నవంబరు 5న మన మంత్రిమండలి సమ్మతి తెలిపింది. నవంబరు 8న బ్రిటన్ ఆ దీవులను కొత్త వలసగా ప్రకటించింది. శాసనసభలో ఈ విషయంపై ఓటింగు జరగలేదు. డిసెంబరు 16న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ, మారిషస్‌ను ముక్కలు చేయవద్దని 2066వ తీర్మానం ద్వారా బ్రిటన్‌ను కోరింది. అప్పటికే ముక్క తెగిపోయింది.

చిన్న దేశం, పెద్ద వ్యవహారాలు

1968 మార్చి 12న మన జెండా ఎగిరింది. ఏప్రిల్ 24న ఐక్యరాజ్యసమితిలో చేరాము. సుమారు ఎనిమిది లక్షల జనం, ఒకే పంట. అటువంటి దేశానికి విదేశాంగ శాఖ అలంకారం కాదు, అన్నం పెట్టే శాఖ. చక్కెర ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు అన్నది లండన్‌లో, బ్రస్సెల్స్‌లో తేలేది. 1975 నాటి లోమే ఒప్పందంలో యూరప్ మన నుండి ఏటా సుమారు అయిదు లక్షల టన్నుల చక్కెర కొనడానికి ఒప్పుకోవడంతో ఎన్నో ఊళ్ళు నిలబడ్డాయి. ప్రధానమంత్రి రామ్‌గులాం కొంతకాలం విదేశాంగ శాఖను తానే చూశారు. 1969 నుండి 1973 వరకు గాయెతాన్ దువాల్ చూశారు. 1976 జూలైలో ఆఫ్రికా దేశాల నాయకులు పోర్ట్ లూయీలో సమావేశమయ్యారు. ఆ ఏడాది ఆఫ్రికా ఐక్యతా సంస్థకు రామ్‌గులాం గారే అధ్యక్షులు.

ఇంతటి శాఖను సభ ఎలా అడుగుతుంది? బడిలో పిల్లలకు నేను మూడు దారులు చెప్పేదాన్ని. మొదటిది, సభ్యుడు నోటీసు ఇచ్చి మంత్రిని అడిగే ప్రశ్న. రెండవది, బడ్జెట్ సమయంలో సభ అంతా కమిటీగా కూర్చుని పద్దులు ఒక్కొక్కటిగా చూడటం. ఏ రాజధానిలో రాయబారి ఉన్నాడు, ఇంటి అద్దె ఎంత, ఆ ఖర్చుకు దేశానికి వచ్చిందేమిటి అని అప్పుడు అడగవచ్చును. మూడవది, ఒక విషయంపై ప్రత్యేకంగా సెలెక్ట్ కమిటీ వేసి, సాక్షులను పిలిచి విచారించటం. బ్రిటిష్ పద్ధతిలో ఒప్పందాలు చేసే అధికారం ప్రభుత్వానిదే. కాబట్టి ముందుగా అడ్డుకోవటం సభకు కష్టం. తర్వాతనైనా లెక్క అడగటం దాని చేతిలో ఉన్న పని.

ఆ రోజుల్లో అడగటం సులభం కాలేదన్నది కూడా చెప్పాలి. 1971లో రేవు కార్మికుల సమ్మెల తర్వాత అత్యవసర పరిస్థితి వచ్చింది. పత్రికలపై ఆంక్షలు పెట్టారు. 1972లో జరగవలసిన ఎన్నికలు 1976 వరకు వాయిదా పడ్డాయి. రామ్‌గులాం గారి పాలనలో ఇది మచ్చ అని ఆయన అభిమానులు కూడా ఒప్పుకుంటారు.

ఆ సంవత్సరాల్లోనే చాగోస్ ప్రజలకు ఇల్లూ వాకిలీ లేకుండా పోయింది. 1973 నాటికి ఆ దీవులు ఖాళీ అయ్యాయి. సుమారు 1500 మంది, పెంపుడు కుక్కలను కూడా పోగొట్టుకొని, పోర్ట్ లూయీ రేవు దగ్గర, సేషెల్స్‌లో దిగారు. బ్రిటన్ 1972లో వారి పునరావాసానికి మన ప్రభుత్వానికి 6,50,000 పౌండ్లు ఇచ్చింది. ఆ డబ్బు వారి చేతికి అందేసరికి 1977 దాటింది. ఈ ఆలస్యంలో తప్పు లండన్‌ది కాదు, మనది.

1975లో అమెరికా చట్టసభ డియేగో గార్సియా గురించి విచారణ జరిపింది. దీవుల కోసం బ్రిటన్‌కు పొలారిస్ క్షిపణుల కొనుగోలులో కోటీ నలభై లక్షల డాలర్ల రాయితీ రహస్యంగా ఇచ్చారన్న సంగతి అప్పుడు బయటికి వచ్చింది. అమ్మినవాడికీ కొన్నవాడికీ తెలిసిన ధర, సొంతదారుకు పదేళ్ళ తర్వాత తెలిసింది! 1976 డిసెంబరు ఎన్నికల్లో బలపడిన ప్రతిపక్షం మన సభలో ఈ విషయం వదలలేదు. 1980 అక్టోబరులో రామ్‌గులాం గారు స్వయంగా ఐక్యరాజ్యసమితిలో నిలబడి, దీవులు తిరిగి ఇవ్వాలని బ్రిటన్‌ను కోరారు.

విచారణ

1982 జూన్ ఎన్నికల్లో మారిషస్ దీవిలోని అరవై స్థానాలూ ప్రతిపక్ష కూటమి గెలిచింది. రామ్‌గులాం గారు తన సొంత స్థానంలోనే ఓడిపోయారు. అప్పటికి ఆయన వయసు ఎనభై ఒకటి. జూలైలో కొత్త సభ, చాగోస్ దీవులు ఎలా విడిపోయాయో తేల్చటానికి సెలెక్ట్ కమిటీని నియమించింది. జాన్ క్లోద్ ద లెస్త్రాక్ దానికి అధ్యక్షులు. పాత కాగితాలు తెప్పించారు. 1965లో లండన్ వెళ్ళిన నాయకులను పిలిచారు.

రామ్‌గులాం గారు వచ్చి కూర్చున్నారు. ఆయనను అడిగేవారు ఎక్కువగా ఆయనను ఓడించిన పార్టీల వారే. సమావేశం ముందుకు సాగని సమయంలో విల్సన్ తనను ఒంటరిగా పిలిచారని, దీవులా, స్వాతంత్ర్యమా అన్న ఎంపిక తన ముందు పెట్టారని ఆయన చెప్పారు. తాను స్వాతంత్ర్యాన్ని ఎంచుకున్నానని, దీవులను విడదీయటం ఎలాగూ బ్రిటన్ చేతిలోని పనేనని, నాటి పరిస్థితుల్లో తన నిర్ణయం న్యాయమైనదేనని వివరించారు. కమిటీ 1983 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ఆనాటి మన నాయకులను విమర్శించింది, బ్రిటన్ చేసినది బెదిరింపు అని తీవ్రంగా ఖండించింది.

ఓడిన నాయకుడిని పిలిచి అడగటం అవమానమని ఆనాడు కొందరు బాధపడ్డారు. నా అభిప్రాయం వేరు. ఆయన ఆ రోజు జవాబు చెప్పి ఉండకపోతే, ఆ గదిలో మన వైపు నుండి ఉన్న ఏకైక సాక్షి మాట మన రికార్డులో లేకుండా పోయేది. 1983 డిసెంబరులో ఆయన గవర్నర్ జనరల్ అయ్యారు. 1985 డిసెంబరు 15న కన్నుమూశారు.

తర్వాతి ఫలితం

ఆయన పోయిన తర్వాత ఆ నివేదిక బతికింది. మారిషస్ అంతర్జాతీయ న్యాయస్థానాలకు సమర్పించిన పత్రాల్లో అది కూడా ఒకటి. 2015 మార్చి 18న ఒక అంతర్జాతీయ ట్రిబ్యునల్, 1965లో బ్రిటన్ ఇచ్చిన మాటలకు చట్టబద్ధత ఉన్నదని తీర్పు చెప్పింది. చేతివ్రాత ఉత్తరం ఫలించింది. 2019 ఫిబ్రవరి 25న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, ఆ విభజనకు ప్రజల స్వేచ్ఛా సమ్మతి లేదని, బ్రిటన్ తన పాలనను త్వరగా ముగించాలని అభిప్రాయపడింది. 2025 మే 22న రెండు దేశాలు ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం సార్వభౌమత్వం మారిషస్‌ది, డియేగో గార్సియా స్థావరం 99 ఏళ్ళ పాటు బ్రిటన్ నిర్వహణలో. మన వైపున సంతకం చేసిన ప్రధానమంత్రి నవీన్ రామ్‌గులాం, శివసాగర్ గారి కుమారుడు. ఆ ఒప్పందాన్ని 2025లోనే లండన్ పార్లమెంటు సభ్యులు గట్టిగా ప్రశ్నించారు. మన సభ్యులు కూడా అంతే గట్టిగా అడగాలి. అద్దె డబ్బు ఎటు పోతుంది, చాగోస్ కుటుంబాలకు ఏమి దక్కుతుంది అని అడగటం ద్రోహం కాదు.

రామ్‌గులాం గారిని దేవుడిని చేయనక్కరలేదు, దోషిని చేయనక్కరలేదు. బలవంతుడి ఎదుట ఒంటరిగా కూర్చున్న చిన్న దేశపు నాయకుడు ఆయన. ఆయన వెనుక ఆనాడు సభ ఓటు లేదు. ఉండి ఉంటే, మా సభ ఒప్పుకోదు అని చెప్పే వీలు ఆయనకు ఉండేది. సభ అడిగే ప్రశ్న నాయకుడికి అడ్డు అనుకుంటాము కాని, బయటివాడి ముందు అదే ఆయనకు అండ.

మన తాతలు రాత్రి బడిలో నాలుగు తెలుగు అక్షరాలు నేర్చి ఓటు సంపాదించుకున్నారు. ఈ పండుగ వేళ సాయంకాలపు తరగతికి వచ్చే పిల్లలు పద్యాలతో పాటు ఆ సెలెక్ట్ కమిటీ నివేదికను కూడా ఒకసారి తెరిచి చూడాలని కోరుకొంటున్నాను.