పగిలిన పాత్ర: పునీత బెనెడిక్టు

భోజనానికి ముందు జపం చెప్పుకోవడం మన కతోలిక కుటుంబాలలో ఎంత పాత ఆచారమో, అంత తొందరగా ముగిసిపోయే ఆచారం కూడా. నుదుట మొదలైన సిలువ గుర్తు భుజాల దాకా చేరకముందే చెయ్యి కంచంలోకి దిగుతుంది. పెళ్ళి విందుల సంగతి చెప్పనక్కరలేదు. గురువుగారు జపం చెప్పడానికి లేచేసరికి మొదటి బంతిలో సగం మంది పెరుగన్నం దాకా వచ్చి ఉంటారు.

ఈ ఆచారం మన తాతముత్తాతలతో పుట్టినది కాదు. యూదులు రొట్టె విరిచే ముందు దేవుని స్తుతించేవారు. మన ప్రభువు ఐదు రొట్టెలు పంచినప్పుడు, కడరాత్రి భోజనంలో, ఉత్థానమైన తర్వాత ఎమ్మావులో అలాగే చేశారు. అపోస్తలుడైన పౌలు తుఫానులో కొట్టుకుపోతున్న ఓడలో 276 మంది ఎదుట దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, ఆ తర్వాతే రొట్టె తిన్నారు. అయితే దీనికి ఒక క్రమం ఏర్పరచి, పడమటి శ్రీసభ మఠాలకు అందించినవారు పునీత బెనెడిక్టు. ఆయన ప్రాణం దక్కింది కూడా ఈ ఆచారం వల్లనే. ఆ సంగతి తెలిసిన విశ్వాసులు మనలో తక్కువ.

బెనెడిక్టు జీవితం మనకు తెలిసింది పోపుగారైన పునీత మొదటి గ్రెగోరి వ్రాసిన సంభాషణలు అనే గ్రంథం వలన. 593-594లో వ్రాసిన ఆ గ్రంథంలో రెండవ భాగమంతా బెనెడిక్టుదే. ఆయన శిష్యులు నలుగురు చెప్పగా విని వ్రాశానని గ్రెగోరి వారి పేర్లతో సహా తెలిపారు. తేదీలు మాత్రం వ్రాయలేదు. సుమారు 480లో ఇటలీ దేశంలోని నూర్సియా పట్టణంలో పుట్టారనీ, సుమారు 547లో మరణించారనీ చరిత్రకారుల లెక్క. ఆయన పుట్టేనాటికి పడమటి రోము సామ్రాజ్యం కూలి నాలుగేళ్ళయింది. యుద్ధాలు, కరువులు, దోపిడీలు ఆ తరానికి నిత్యకృత్యాలు. తిండి దొరకడమే గొప్ప అనుకునే కాలంలో ఒక మనిషి భోజనపు బల్ల గురించి అంత ఆలోచించడానికి కారణం అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

కలిగిన కుటుంబం కనుక చదువుకు రోముకు పంపారు. అక్కడి విద్యార్థుల నడవడి చూసి, ఆ చదువు తనను ఎక్కడికి లాక్కుపోతుందోనని భయపడి మధ్యలోనే వదిలేశారు. వెంట వచ్చినది చిన్ననాటి దాది ఒక్కతే. ఎన్‌ఫిదె అనే ఊళ్ళో ఉండగా ఆమె గోధుమలు బాగుచేసుకోవడానికి పొరుగింటి నుంచి అరువు తెచ్చిన చేట జారిపడి రెండు ముక్కలైంది. అరువు సొమ్ము పాడైందని ఆమె ఏడ్చింది. బెనెడిక్టు ఆ ముక్కలు పట్టుకుని కన్నీళ్ళతో జపం చేసి లేచేసరికి చేట అతుకైనా కనబడకుండా నిలిచింది. ఆయన మొదటి అద్భుతం ఇదే. ఊరివాళ్ళు ఆ చేటను గుడి ద్వారం మీద వ్రేలాడదీశారు. పొగడ్తలు మొదలయ్యాయి గనుక ఆయన దాదికి కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు.

సుబియాకో అనే కొండప్రాంతంలో ఇరుకు గుహ ఒకటి. అందులో మూడేళ్ళు ఒంటరిగా ఉన్నారు. రోమానుస్ అనే మఠవాసి తన వంతు రొట్టెలో కొంత దాచి, తాడు కట్టి కొండ మీద నుంచి క్రిందికి దించేవారు. తాడుకు చిన్న గంట ఉండేది. అది మ్రోగితే రొట్టె వచ్చినట్లు గుర్తు. సైతాను రాయి విసిరి ఆ గంట పగలగొట్టిందని గ్రెగోరి వ్రాశారు. రొట్టె రావడం మాత్రం ఆగలేదు.

ఒక పాస్కపండుగ నాడు దూరాన ఉన్న ఒక గురువు తనకోసం పండుగ వంట సిద్ధం చేసుకున్నారు. తన సేవకుడు ఫలానా చోట ఆకలితో ఉన్నాడని ప్రభువు ఆయనకు దర్శనంలో తెలిపారు. ఆ గురువు వంటకాలు పట్టుకుని కొండలు, లోయలు వెదికి గుహ చేరుకున్నారు. ఇద్దరూ మొదట జపం చేసి, దేవుని స్తుతించి, కూర్చుని మంచి మాటలు చెప్పుకున్నారు. ఆ తర్వాత గురువు లేచి, ఇది పాస్కపండుగ, తిందాం రమ్మన్నారు. బెనెడిక్టుకు ఆ రోజు పండుగని తెలియదు. మనుషులకు అంత దూరంగా బ్రతుకుతున్నారు. మీ రాకే నాకు పాస్క అని మర్యాదకు అన్నట్లు అన్నారు. ఈరోజు నిజంగానే ఉత్థానపు పండుగ, ఉపవాసం తగదని గురువు నచ్చచెప్పాక ఇద్దరూ మళ్ళీ దేవుని స్తుతించి భోజనం చేశారు. ఆకలి మీద ఉన్నవాడు, నడచి అలసిపోయినవాడు, ఎదురుగా పండుగ వంట. అయినా జపానికే ముందు చోటు దక్కింది.

కొంతకాలానికి దగ్గరలోని ఒక మఠంలో మఠాధిపతి మరణించారు. అది వికోవారోలోని మఠమని సంప్రదాయం. అక్కడివారు వచ్చి బెనెడిక్టును పెద్దగా ఉండమని బ్రతిమాలారు. మీ నడవడికీ నా నడవడికీ పొసగదని ఆయన ముందే చెప్పారు. వినలేదు. తీరా వచ్చాక ఆయన క్రమశిక్షణ వాళ్ళకు గొంతులో వెలక్కాయ అయింది. పొమ్మనలేరు, భరించలేరు. చివరికి ద్రాక్షారసంలో విషం కలిపారు.

ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. అందరూ బల్ల దగ్గర చేరాక ద్రాక్షారసం ఉన్న గాజుపాత్రను మఠాధిపతి ఆశీర్వాదం కోసం పట్టి చూపాలి. ఆ రోజూ అలాగే చూపారు. బెనెడిక్టు కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి సిలువ గుర్తు వేశారు. దూరాన పట్టుకున్న ఆ పాత్ర రాయి తగిలినట్లు పగిలిపోయింది. అందులో ఉన్నది మృత్యువని ఆయనకు అర్థమైంది. ముఖంలో కోపం లేదు. లేచి, దేవుడు మిమ్మల్ని క్షమించుగాక, నేను ముందే చెప్పలేదా, మీకు తగిన పెద్దను వెదుక్కోండి అన్నట్లుగా చెప్పి తన గుహకు తిరిగి వెళ్ళిపోయారు. నేటికీ చాలామంది మెడలో వేసుకునే పునీత బెనెడిక్టు పతకం మీద ఆ పగిలిన పాత్ర కనిపిస్తుంది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. విషం కలిపినవాళ్ళు కూడా ఆచారం తప్పలేదు. పాత్రను ఆశీర్వాదానికి వాళ్ళే తెచ్చారు. ఆ చేతులలో అది వట్టి అలవాటు. ఆశీర్వదించిన చెయ్యికి అది అలవాటు కాదు. తత్వశాస్త్రం చదివేటప్పుడు మాకు రూపం, సారం అని రెండు మాటలు నేర్పారు. సారం పోయాక రూపం ఎందుకని యువకులు నన్ను అడుగుతుంటారు. మనసు లేకుండా చెప్పే జపం కన్నా మానేయడం నిజాయితీ కాదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ మఠవాసులు సారం పోయిందని రూపం కూడా మానేసి ఉంటే బెనెడిక్టు ఆ పూటే చనిపోయేవారు. ఖాళీగా మిగిలిన ఆచారంలోకి కూడా దేవుడు రాగలడు. మనం తలుపు తీసి ఉంచాలి, అంతే.

అలాగని సిలువ గుర్తును తాయెత్తులా చూడకూడదు. గ్రెగోరి అదే గ్రంథం మొదటి భాగంలో ఒక మఠకన్య కథ వ్రాశారు. ఆమె తోటలో లేత ఆకుకూర చూసి ఆశపడి, సిలువ గుర్తు వేయకుండా కొరికింది. వెంటనే సైతాను పట్టింది. మఠాధిపతి ఈక్విటియుస్ వచ్చేసరికి ఆ సైతాను ఆమె నోటి ద్వారా తన గోడు వెళ్ళబోసుకున్నదట: తాను ఆకు మీద కూర్చుని ఉంటే ఈమె వచ్చి కొరికింది, తన తప్పేమిటని. చదివినప్పుడల్లా నవ్వు వస్తుంది. కాని గ్రెగోరి తప్పుపట్టింది ఆకును కాదు, ఆత్రాన్ని.

బెనెడిక్టు చుట్టూ మెల్లగా శిష్యులు చేరారు. సుబియాకో ప్రాంతంలో పన్నెండు మఠాలు, ఒక్కొక్క దానిలో పన్నెండుమంది. ఫ్లోరెన్‌సియుస్ అనే గురువుకు అది కంటగింపైంది. (మా గురువులలో కూడా అసూయ కొత్తది కాదు.) ఆశీర్వదించిన రొట్టెను కానుకగా పంపినట్లు పంపి, అందులో విషం పెట్టాడు. బెనెడిక్టు కృతజ్ఞతతోనే అందుకున్నారు, లోపలి సంగతి మాత్రం గ్రహించారు. రోజూ ఆయన చేతి నుంచి రొట్టె తినడానికి వచ్చే కాకి ఒకటుంది. ఎవరికీ దొరకని చోట పారవేయమని దానికి చెప్పారు. అది రెక్కలు చాపి, అరుస్తూ, చుట్టూ తిరిగి, చివరికి ముక్కున కరచుకుపోయింది. తిరిగివచ్చి తన రోజువారీ వంతు తాను తిన్నది. కొంతకాలానికి తాను నిలబడిన డాబా కూలి ఫ్లోరెన్‌సియుస్ చనిపోతే, సంతోషంగా ఆ వార్త మోసుకొచ్చిన శిష్యుడు మౌరుస్‌కు బెనెడిక్టు ప్రాయశ్చిత్తం విధించారు. శత్రువు కోసం ఏడ్చారు.

సుమారు 529లో ఆయన మోంతె కస్సీనో కొండకు చేరారు. శిఖరం మీద అపొల్లో దేవుడి పాతగుడి ఉండేది. దాని స్థానంలో పునీత మార్టిను పేరిట, బప్తిస్మ యోహాను పేరిట ప్రార్థనాలయాలు కట్టించారు. తర్వాతి కాలంలో పునీత తోమాసు అక్వీనాసును ఐదేళ్ళ వయసులో చదువుకు పంపింది ఈ కొండ మీదికే. 1944 ఫిబ్రవరి 15న రెండవ ప్రపంచయుద్ధంలో బాంబులతో ఈ మఠాన్ని నేలమట్టం చేశారు. మళ్ళీ కట్టాక 1964 అక్టోబరు 24న ఆరవ పౌలు పోపుగారు దానిని అభిషేకించి, బెనెడిక్టును ఐరోపా ఖండానికి పాలక పునీతులుగా ప్రకటించారు.

ఆ కొండ మీదే ఆయన తన నియమావళి వ్రాశారు. 73 అధ్యాయాలు. అందులో ఎన్ని పుటలు అన్నం గురించో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. వండిన కూరలు రెండుండాలి, ఎందుకంటే ఒకటి పడనివాడు రెండవది తింటాడు. రోజుకు మనిషికి ఒక పౌను రొట్టె. ద్రాక్షారసం మఠవాసులకు తగదని పెద్దలు చెప్పినా, ఈ కాలపు వాళ్ళను ఒప్పించలేము గనుక మితంగా అనుమతి. ఏమీ దొరకని చోట ఉన్నవారు సణగకుండా దేవుని స్తుతించాలి. వడ్డన, వంట అందరికీ వారం చొప్పున వంతులు. వడ్డించేవారికి భోజనానికి గంట ముందే కొంచెం రొట్టె, పానీయం ఇవ్వాలి, ఆకలితో విసుక్కోకుండా. తినేటప్పుడు మౌనం, ఒకరు చదువుతుంటే మిగిలినవారు వింటారు. మఠంలోని గిన్నెలు, పనిముట్లు అన్నిటినీ పీఠం మీది పవిత్ర పాత్రల్లా చూడాలి. తపస్వి వ్రాసినట్లు ఉండదు, ఇల్లు నడిపిన తల్లి వ్రాసినట్లు ఉంటుంది.

భోజన జపం విషయంలో మాత్రం ఆ తల్లి కఠినురాలు. అందరూ కలిసి కీర్తన వచనం చెప్పి, కలిసి జపం చేసి, ఒక్కసారే బల్ల దగ్గర కూర్చోవాలి. నిర్లక్ష్యం వలన ఆ వచనం చెప్పేవేళకు రానివాడిని రెండుసార్లు మందలిస్తారు. అప్పటికీ మారకపోతే ఉమ్మడి బల్ల దగ్గర చోటు లేదు; ఒంటరిగా తినాలి, ద్రాక్షారసం వంతు ఉండదు, తప్పు దిద్దుకునే దాకా అంతే. భోజనం తర్వాతి వచనానికి లేనివాడికీ అదే శిక్ష. కలిసి జపించనివాడు కలిసి తినడు. అంతకన్నా పెద్ద శిక్ష వేరే ఉంది. ఘోరమైన తప్పు చేసినవాడు ఒంటరిగా తినడమే కాదు, అతనికిచ్చే ఆహారాన్ని కూడా ఎవరూ ఆశీర్వదించకూడదు. ఆశీర్వాదం లేని అన్నం పెట్టడం కూడా పెద్ద శిక్షే అని ఆయన లెక్క. మన ఇళ్ళలో ఒకరు టీవీ ముందు, ఒకరు ఫోను పట్టుకుని మంచం మీద, ఒకరు వంటగదిలో నిలబడి ఎవరి అన్నం వారు తింటున్నాం. బెనెడిక్టు నేరస్థుడికి విధించిన శిక్షను మనకు మనమే రోజూ విధించుకుంటున్నాం.

కాంపానియా ప్రాంతంలో కరువు వచ్చినప్పుడు మఠంలో ఐదు రొట్టెలే మిగిలాయి. సోదరులు దిగాలుపడితే బెనెడిక్టు మెత్తగా మందలించారు. మరునాడు ద్వారం దగ్గర సంచులలో 200 కుంచాల పిండి కనిపించింది. ఎవరు పంపారో తెలియలేదు. మరొకప్పుడు ఆయన రాత్రి భోజనం చేస్తుండగా పెద్దింటి బిడ్డ అయిన యువ మఠవాసి దీపం పట్టుకుని నిలబడ్డాడు. ఇతడెవరు, నేను దీపం పట్టడమేమిటని మనసులో అనుకున్నాడు. బెనెడిక్టు తలెత్తి, నీ గుండె మీద సిలువ గుర్తు వేసుకో అన్నారు. దీపం వేరొకరికి ఇప్పించి అతడిని కూర్చోబెట్టారు.

ఆయన తోబుట్టువు పునీత స్కొలాస్తికా. ఏడాదికి ఒకసారి కొండ క్రింద ఒక ఇంట్లో ఇద్దరూ కలుసుకునేవారు. చివరిసారి పగలంతా దేవుని స్తుతిస్తూ గడిపి, చీకటి పడ్డాక కలిసి భోజనం చేశారు. ఈ రాత్రి వెళ్ళవద్దని ఆమె అడిగింది. నియమం ఒప్పుకోదని ఆయన అన్నారు. ఆమె బల్ల మీద చేతులు జోడించి తల వంచి జపం చేసింది. తల ఎత్తేసరికి ఉరుములు, మెరుపులు, కుండపోత. గడప దాటడానికి వీలులేక నియమావళి వ్రాసినాయన రాత్రంతా చెల్లెలి దగ్గరే మాట్లాడుతూ ఉండిపోయారు. ఆమె ఎక్కువ ప్రేమించింది గనుక ఆమెదే పైచేయి అయిందని గ్రెగోరి తీర్పు చెప్పారు. మూడు రోజులకు ఆమె ఆత్మ పావురంలా పరలోకానికి ఎగిరిపోవడం బెనెడిక్టు తన గది నుంచి చూశారు. ఆమె దేహాన్ని తెప్పించి తనకోసం సిద్ధం చేసుకున్న సమాధిలోనే ఉంచారు.

తన మరణానికి ఆరు రోజుల ముందు ఆ సమాధిని తెరిపించారు. జ్వరం పట్టుకుంది. ఆరవనాడు శిష్యులు ఆయనను ప్రార్థనాలయానికి మోసుకువెళ్ళారు. దివ్యసత్ప్రసాదం స్వీకరించారు. అదే ఆయన కడపటి భోజనం. శిష్యులు చెరొకవైపు పట్టుకోగా నిలబడి, చేతులు ఆకాశం వైపు చాచి, జపం చేస్తూనే ప్రాణం విడిచారు. ఒకప్పుడు అపొల్లో బలిపీఠం ఉన్న చోట కట్టిన బప్తిస్మ యోహాను ప్రార్థనాలయంలో, చెల్లెలి ప్రక్కనే ఆయనను పాతిపెట్టారు.