నీటి అడుగున వెతికే ధ్వని: పాల్ లాంజెవిన్

2019 సెప్టెంబరు 15న మన కోనసీమకు ఎగువన, కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు గోదావరిలో మునిగింది. వరద నీటిలో కంటికి ఏమీ కనిపించదు. అందుకే సైడ్ స్కాన్ సోనార్‌తో వెతికారు. అక్టోబరు 22న బోటును బయటికి తీశారు. ఇలాంటి పరికరాలకు దారి వేసినవారిలో ముఖ్యుడు ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్.

ఆయన 1872 జనవరి 23న పారిస్‌లో పుట్టారు. పియరీ క్యూరీ దగ్గర చదువుకున్నారు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని పియరీ, ఆయన అన్న జాక్ 1880లో కనుగొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములు ఓడలను ముంచుతుంటే, లాంజెవిన్‌కు గురువుగారి పరిశోధన అక్కరకొచ్చింది. 1917లో క్వార్ట్జ్ స్ఫటికానికి విద్యుత్తు ఇచ్చి, చెవికి వినపడని ధ్వనిని నీటిలోకి పంపారు. మరుసటి ఏడాది జలాంతర్గామిని తాకి ప్రతిధ్వని తిరిగొచ్చింది.

నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు వెళ్తుంది. ప్రతిధ్వని 0.2 సెకన్లలో వస్తే వస్తువు 150 మీటర్ల దూరంలో ఉన్నట్టు. నేటి సోనార్ ఆ ప్రతిధ్వనులన్నిటినీ తెర మీద బొమ్మగా చూపిస్తుంది. ఆకారాన్ని, వెనక పడే నీడను బట్టి అది బండరాయో, పడవో గుర్తుపడతారు.

1940లో నాజీలు లాంజెవిన్‌ను జైల్లో పెట్టారు. 1942లో ఆయన అల్లుణ్ణి కాల్చి చంపారు. కుమార్తె ఆష్‌విట్జ్ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. అంత దుఃఖంలోనూ ఆయన ఫ్రాన్స్ విద్యా సంస్కరణల కమిటీకి అధ్యక్షత వహించారు. 1946 డిసెంబరు 19న కన్నుమూశారు.

స్ఫటికం గురించి తెలిసిన విషయం సముద్రంలో పనికి రావడానికి 37 ఏళ్లు పట్టింది. పిల్లలు నేర్చుకున్నదంతా ఈ నెల ప్రోగ్రెస్ కార్డులోనే కనిపించాలని తొందరపడకండి.