చమురు సామ్రాజ్యాన్ని కదిలించిన కలం

అమెరికాలో తిరుగులేని శక్తిగా ఎదిగిన స్టాండర్డ్ ఆయిల్ సంస్థ గుట్టును ఆధారాలతో రట్టు చేసిన ధీశాలి ఐడా టార్బెల్. జీవితచరిత్రల రచయిత్రిగానూ ఆమె ఖ్యాతి గడించారు.

ఐడా 1857 నవంబరు 5న పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించారు. 1859లో టైటస్‌విల్ వద్ద చమురు పడటంతో ఆ ప్రాంతం రూపురేఖలు మారిపోయాయి. తండ్రి ఫ్రాంక్లిన్ చమురు నిల్వకు కొయ్య తొట్లు తయారు చేసి, అనంతరం ఉత్పత్తిదారుగా స్థిరపడ్డారు.

1872లో జాన్ రాక్‌ఫెల్లర్ తదితరులతో రైల్వే సంస్థలు రహస్య ఒప్పందం కుదుర్చుకున్నాయి. రవాణా చార్జీలు అందరికీ పెంచి, ఆ బృందానికి మాత్రం రాయితీ ఇవ్వాలన్నది దాని సారాంశం. పోటీదారులు చెల్లించే చార్జీలోనూ వారికి వాటా దక్కుతుంది. విషయం పొక్కడంతో చమురు ప్రాంతం భగ్గుమంది. ఒప్పందం రద్దయినా చిన్న వ్యాపారులు కోలుకోలేదు. ఆందోళనలో పాల్గొన్న తండ్రి అవస్థలను పద్నాలుగేళ్ల ఐడా కళ్లారా చూశారు.

1876లో అలెఘెనీ కళాశాలలో చేరినప్పుడు ఆ తరగతిలో ఆమె ఒక్కరే విద్యార్థిని. 1880లో పట్టా పొంది, కొంతకాలం ఉపాధ్యాయినిగా పనిచేసి పత్రికారంగంలో ప్రవేశించారు. 1891లో పారిస్ వెళ్లి, ఫ్రెంచి విప్లవకాలపు వనిత మదాం రోలాఁ జీవితంపై పరిశోధన చేశారు. మెక్‌క్లూర్స్ పత్రికకు నెపోలియన్, లింకన్ జీవితచరిత్రలు రాశారు. లింకన్‌ను ఎరిగినవారిని కలిసి, న్యాయస్థానాల దస్త్రాలు గాలించి, కొత్త సంగతులు వెలికితీశారు.

స్టాండర్డ్ ఆయిల్ చరిత్రకూ ఆమె అదే పద్ధతిని అనుసరించారు. సంస్థ పత్రికను నాశనం చేస్తుందని తండ్రి హెచ్చరించినా వెనుకాడలేదు. సాక్షుల వాంగ్మూలాలను, ప్రభుత్వ విచారణల పత్రాలను శోధించారు. సంస్థ ఉన్నతాధికారి హెన్రీ రోజర్స్‌నూ పలుమార్లు కలిసి వివరణలు సేకరించారు. 1902 నవంబరు నుంచి 19 భాగాలుగా వెలువడిన ఈ రచన 1904లో పుస్తకరూపం దాల్చింది. సంస్థ కార్యదక్షతను ఆమె కాదనలేదు. ఆక్షేపించింది అక్రమ మార్గాలనే. ప్రభుత్వం 1906లో దావా వేయగా, 1911లో సుప్రీంకోర్టు తీర్పుతో సంస్థ 34 కంపెనీలుగా విడిపోయింది.

స్వశక్తితో ఎదిగిన ఐడా మహిళల ఓటుహక్కు ఉద్యమాన్ని సమర్థించకపోవడం నాటి మహిళా నేతలకు మింగుడుపడలేదు. 1925లో ఉక్కు పారిశ్రామికవేత్త ఎల్బర్ట్ గ్యారీ జీవితచరిత్ర రాసినప్పుడు మెతకవైఖరి అవలంబించారన్న విమర్శ వచ్చింది. ఎనభై ఏళ్లు దాటాక, 1939లో స్వీయచరిత్రను వెలువరించారు. 1944 జనవరి 6న కన్నుమూశారు.

సొంత ఇంటి గాయాన్ని ఆగ్రహంతో కాక ఆధారాలతో లోకం ముందుంచిన ఐడా, పరిశోధనాత్మక పాత్రికేయానికి బాట వేసిన తొలితరం వారిలో అగ్రగణ్యురాలిగా నిలిచిపోయారు.