ఉదయనాదము

తెల్లవారకమునుపే తెలుగునాట రేడియో మేల్కొనెడి కాలమొకటి యుండెను. మాటకును పాటకును ముందుగా తంబురశ్రుతిపై వయొలిన్ నాదము మృదువుగా వినవచ్చెడిది. వాకిట కల్లాపి చల్లు ఇల్లాలును, చదువ గూర్చుండిన బాలురును, పొలమునకు బోవు రైతును ఆ నాదమును విని వేళ తెలిసికొనెడివారు. నేటికిని ఆ స్వరములు చెవిని బడినచో వృద్ధుల మనసున చిన్ననాటి యిల్లు మెదలును. శివరంజని రాగచ్ఛాయ గల యీ నాదమును కూర్చినవాడు భారతీయుడు కాడనియు, వాల్టర్ కాఫ్మన్ అను యూదు విద్వాంసుడనియు ప్రసిద్ధి.

కాఫ్మన్ 1907వ సంవత్సరమున, నేటి చెక్ దేశములోని కార్ల్స్‌బాద్ పట్టణమున జన్మించెను. బెర్లిన్ నగరమున సంగీతము నభ్యసించి, పిదప ప్రాగ్ నగరమందలి జర్మన్ విశ్వవిద్యాలయమున సంగీతశాస్త్రమును చదివెను. డాక్టర్ పట్టము చేతికందు సమయమున, తన ఆచార్యుడు నాజీలతో చేరినవాడని ఆయనకు తెలిసెను. అట్టివాని చేతిమీదుగా వచ్చు గౌరవము తనకు వలదని కాఫ్మన్ ఆ పట్టమును నిరాకరించెను.

1933లో హిట్లర్ జర్మనీలో అధికారమునకు వచ్చెను. యూదులకు బ్రదుకు దుర్భరమయ్యెను. మరుసటి సంవత్సరమున కాఫ్మన్ బొంబాయి చేరెను. కొలదికాలముండి పోదమనుకొనినవాడు పండ్రెండేండ్లు నిలిచిపోయెను.

మన సంగీతము మొదట ఆయనకు ఏమాత్రమును బోధపడలేదు. అయినను దానిని తృణీకరింపలేదు. ఇందరు బుద్ధిమంతులు ప్రేమించు విద్య తనకు రుచింపకుండుట తన లోపమే యని తలచి, శ్రద్ధతో రాగములను నేర్వసాగెను. ఆయన బొంబాయిలో ఒక సంగీతసమాజమును స్థాపించి, పాశ్చాత్యసంగీత సభలను నడపెను. చలనచిత్రములకు సంగీతమును సమకూర్చెను. 1937 నుండి 1946 వరకు ఆలిండియా రేడియో బొంబాయి కేంద్రమున పాశ్చాత్యసంగీత విభాగమునకు అధిపతిగా నుండెను. ఆ సంస్థకే తరువాత ఆకాశవాణి యను పేరు వచ్చెను. దాని ప్రారంభనాదమున వయొలిన్ వాయించినవాడు మెహ్లీ మెహతా యని చెప్పుదురు. వయొలిన్ పడమటిది, తంబుర మనది; ఆ రెండును అందు ఒకే శ్రుతిలో కలిసినవి.

1946లో కాఫ్మన్ భారతదేశమును విడిచెను. 1948 నుండి కెనడాలోని విన్నిపెగ్ నగరమున వాద్యబృందమును నడపి, 1957లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. అచ్చటను మన రాగములను మరువలేదు. ఉత్తరదేశ రాగములను గురించి 1968లోను, దక్షిణదేశ రాగములను గురించి 1976లోను బృహద్గ్రంథములను ప్రకటించెను. 1984లో ఆయన పరమపదించెను.

ఆ నాదమును వినిన కోట్లాది ప్రజలలో పెక్కుమంది ఆయన పేరెరుగరు. తన యింటిని కోల్పోయి వచ్చినవాడు మన యిండ్లకు ఉదయనాదము నొసగి పోయెను. తెలియని విద్యయెదుట వినయము చూపిన వానికి పరదేశమును స్వదేశమగునని ఆయన జీవితము మనకు తెలుపుచున్నది.